తల్లిదండ్రులు అమెరికా పౌరులైతే పిల్లలకు ఏ దారి మంచిది? సీమ కుటుంబాల కోసం ఒక పోలిక

అమ్మకో నాన్నకో అమెరికా పౌరసత్వం వస్తే పిల్లలకూ వచ్చేసినట్టేనని మన దగ్గర చాలామంది అనుకుంటారు. ఇంకొందరేమో పిల్లలు పెద్దయ్యాక విడిగా దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిందేనంటారు. రెండూ సగం సగం నిజాలే. ఒకే ఇంట్లో తమ్ముడికి అడగకుండానే పౌరసత్వం వచ్చి, అక్కకు రాకుండా పోవచ్చు. నాన్న పౌరసత్వ ప్రమాణం చేసిన రోజుకు ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండి ఒక్క వారం అయినా చాలు, లెక్క మారిపోతుంది.

పిల్లల్ని అనంతపురంలో అవ్వాతాతల దగ్గర ఉంచి దంపతులిద్దరూ న్యూజెర్సీలో ఉద్యోగం చేసే ఇళ్లున్నాయి. నాన్న డాలస్‌లో, అమ్మా పిల్లలు కర్నూల్లో ఉండే ఇళ్లున్నాయి. అక్కడ పదిహేనేళ్లు పనిచేసి, పౌరసత్వం తీసుకుని, బెంగళూరుకు తిరిగొచ్చి, పండగలకు హిందూపురమో ప్రొద్దుటూరో వచ్చిపోయే వాళ్లున్నారు. ఈ మూడు రకాల ఇళ్లకూ దారులు వేరు. ఒకరికి పనికొచ్చిన సలహాను ఇంకొకరు అలాగే పాటిస్తే డబ్బూ కాలమూ పోతాయి. కొన్నిసార్లు అవకాశమే చెయ్యి జారిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్తాను. ఈ విషయంలో తేల్చుకోవాల్సిన సమయం పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు రాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, బిడ్డకు గ్రీన్ కార్డు తెప్పించి అక్కడికి తీసుకెళ్లాలా వద్దా అనుకునేటప్పుడే వస్తుంది. ఆ తర్వాత చాలావరకు చట్టమే నడిపిస్తుంది, మనల్ని అడగదు.

మొదట చూడాల్సిన తేదీలు

బిడ్డ పుట్టిన తేదీ, తల్లి లేదా తండ్రి పౌరసత్వ ప్రమాణం చేసిన తేదీ. ఈ రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

ప్రమాణం తర్వాత పుట్టిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ కర్నూల్లో పుట్టినా, తల్లిదండ్రుల్లో పౌరులైన వారు అంతకుముందు అమెరికాలో మొత్తం అయిదేళ్లు, అందులో రెండేళ్లు తమకు పద్నాలుగేళ్లు నిండాక ఉండి ఉంటే, పుట్టుకతోనే అమెరికా పౌరులవుతారు. ఇంజినీరింగ్ అయ్యాక ఎమ్మెస్‌కు వెళ్లి ఉద్యోగంలో చేరినవాళ్లకు ఈ లెక్క సులభంగా సరిపోతుంది. ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకముందే అమెరికా కాన్సులేట్‌లో విదేశీ జనన నివేదిక తీసుకోవాలి, రుసుము 100 డాలర్లు. అక్కడితో ఆ బిడ్డ విషయం తేలిపోతుంది.

ప్రమాణానికి ముందు పుట్టిన పిల్లల గురించే ఇక మిగతాదంతా.

దానంతట అదే వచ్చే పౌరసత్వం

అమెరికాలో 2000లో చేసిన బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నాలుగు విషయాలు ఒకేసారి నిజమైతే చాలు. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకూడదు. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండాలి. బిడ్డకు గ్రీన్ కార్డు ఉండాలి. బిడ్డ అమెరికాలోనే, ఆ పౌరులైన తల్లి లేదా తండ్రి చట్టబద్ధ సంరక్షణలో, వాళ్లతో కలిసి నివసిస్తుండాలి. నాలుగూ కుదిరిన క్షణాన బిడ్డ పౌరుడైపోతాడు. దరఖాస్తు ఉండదు, పరీక్ష ఉండదు. ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు లేదు. నాన్నకు పౌరసత్వం వచ్చిన అయిదేళ్లకు బిడ్డ గ్రీన్ కార్డు వీసాతో అమెరికాలో దిగి నాన్న దగ్గరే ఉంటే, దిగిన రోజునే పౌరుడు.

ఎక్కువమంది దెబ్బతినేది నాలుగో షరతు దగ్గర. బిడ్డకు గ్రీన్ కార్డు ఉంది, అమ్మానాన్నలిద్దరికీ పౌరసత్వం వచ్చింది, కానీ బిడ్డ ఆరో తరగతి నుంచి అనంతపురంలో జేజి దగ్గరే చదువుతున్నాడు. సెలవులకు నెలరోజులు అమెరికా వెళ్లొస్తాడు. ఈ బిడ్డ అమెరికాలో నివసిస్తున్నట్టు కాదు. పౌరసత్వం రాదు సరికదా, గ్రీన్ కార్డే వదులుకున్నట్టు విమానాశ్రయంలో అధికారి తేల్చే ప్రమాదం ఉంది. ఏడాదికోసారి వెళ్లి ముద్ర వేయించుకొస్తే కార్డు నిలుస్తుందన్న మాట ఊళ్లో బాగా తిరుగుతోంది. దాన్ని నమ్మి పిల్లల చదువును ప్లాన్ చేసుకోకండి.

విడాకులైన ఇళ్లలో సంరక్షణ ఎవరిదన్నది కోర్టు ఉత్తర్వును బట్టి చూస్తారు. ఇద్దరికీ ఉమ్మడి సంరక్షణ ఉంటే సరిపోతుంది. బిడ్డ పూర్తిగా పౌరసత్వం లేని తల్లి సంరక్షణలో, ఆమె దగ్గరే ఉంటే మాత్రం నాన్న పౌరసత్వం పనికిరాదు. రెండో పెళ్లి ద్వారా వచ్చిన సవతి బిడ్డకు కూడా ఇది వర్తించదు.

దత్తత విషయంలో మన పద్ధతికీ వాళ్ల చట్టానికీ చాలా దూరం. తమ్ముడి కొడుకును దత్తపత్రం రాయించుకుని తీసుకెళ్తామని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. భారత్, అమెరికా రెండూ హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి. దత్తత కేంద్ర సంస్థ ‘కారా’ ద్వారా నడవాల్సిన దారి అది. రిజిస్ట్రార్ ఆఫీసులో రాయించిన దత్తపత్రం ఒక్కదానితో పని జరగదు.

అమ్మ ముందా, నాన్న ముందా?

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ ఇందులో నిజమైన ఎంపిక ఉంది. చట్టానికి ఒక్కరు పౌరులైతే చాలు. గ్రీన్ కార్డు వచ్చిన అయిదేళ్లకు పౌరసత్వం అడగవచ్చు, దరఖాస్తు మాత్రం తొంభై రోజులు ముందే పెట్టవచ్చు. బిడ్డకు పదమూడేళ్లు ఉన్నప్పుడు కుటుంబమంతటికీ గ్రీన్ కార్డు వచ్చిందనుకోండి. అయిదేళ్లు కలిపితే పద్దెనిమిది, అప్పటికి గడువు దాటిపోతుంది. పన్నెండేళ్లప్పుడు వస్తే పదిహేడు, దరఖాస్తు తేలే నెలలు కలిపితే ఊపిరి బిగబట్టుకోవాల్సిందే. అందుకే ఇలాంటి ఇళ్లలో దంపతులిద్దరిలో ఎవరి దేశాంతర ప్రయాణాలు తక్కువో, ఎవరి కాగితాలు శుభ్రంగా ఉన్నాయో వాళ్లు మొదటి రోజే దరఖాస్తు పెట్టాలి. మధ్యలో ఆరు నెలలు దాటి ఇక్కడే ఉండిపోయిన వాళ్లకు ఆ అయిదేళ్ల నివాసపు లెక్క తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముసలివాళ్లను చూసుకోవడానికి ఎక్కువకాలం వచ్చి ఉన్నవారు రెండో వరుసలో నిలబడటం మంచిది.

రెండో కారణం ఊళ్లో భూమి. ఇద్దరిలో ఒకరి పేరున ఇంకా పొలం కొనాలన్న ఆలోచన ఉంటే ఆ ఒక్కరు భారత పౌరసత్వంలోనే ఉండిపోవచ్చు. పిల్లల పని రెండోవారి వల్ల జరిగిపోతుంది. దీన్ని భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి. చాలా ఇళ్లలో నాన్నే ముందన్నది ఆలోచించకుండా జరిగిపోతోంది.

పాస్‌పోర్టా, సర్టిఫికెట్టా?

బిడ్డ దానంతట అదే పౌరుడైపోయాడు. కానీ ఎవరూ ఇంటికొచ్చి కాగితం ఇవ్వరు. రుజువు మనమే తెచ్చుకోవాలి, దానికి రెండు మార్గాలు.

మొదటిది నేరుగా అమెరికా పాస్‌పోర్టుకు వెళ్లడం. పదహారేళ్లలోపు బిడ్డకు 100 డాలర్ల రుసుము, మరో 35 డాలర్లు దరఖాస్తు తీసుకున్న కార్యాలయానికి. అయిదేళ్లు చెల్లుతుంది. పదహారు దాటితే 130, 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది. పదహారేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. ఒకరు ఇక్కడే ఉంటే వాళ్లు నోటరీ చేసిన సమ్మతి పత్రం పంపాలి. తల్లి లేదా తండ్రి పౌరసత్వ సర్టిఫికెట్, బిడ్డ జనన ధ్రువపత్రం, గ్రీన్ కార్డు చూపిస్తారు. కొన్ని వారాల్లో చేతికొస్తుంది.

రెండోది ఎన్-600 దరఖాస్తు పెట్టి పౌరసత్వ సర్టిఫికెట్ తీసుకోవడం. 2024 ఏప్రిల్ 1 నుంచి దీని రుసుము కాగితం మీద పెడితే 1,385 డాలర్లు, ఆన్‌లైన్‌లో 1,335. నెలల తరబడి పడుతుంది, కొన్నిసార్లు ఇంటర్వ్యూకు పిలుస్తారు. కానీ ఒకసారి వచ్చాక అది ఎప్పటికీ చెల్లుతుంది, మళ్లీ మళ్లీ తీసుకునే పని ఉండదు.

పాస్‌పోర్టుకు పదింతలు ఖర్చు పెట్టడం అవసరమా? నా అభిప్రాయం ఇది. తల్లిదండ్రులు కలిసే ఉన్నారు, జనన ధ్రువపత్రంలో పేర్లు సరిగ్గా ఉన్నాయి, గ్రీన్ కార్డు చేతిలో ఉంది అంటే పాస్‌పోర్టే చాలు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు చట్టప్రకారం పౌరసత్వానికి పూర్తి రుజువే. ఇద్దరు పిల్లలుంటే సర్టిఫికెట్ల ఖర్చు రెట్టింపవుతుంది, ఆ డబ్బు ఉన్నవాళ్లకే ఆ ఆలోచన. అయితే కొన్ని ఇళ్లకు మాత్రం సర్టిఫికెట్టే తీసుకోమని గట్టిగా చెప్తాను. విడాకులై సంరక్షణ ఉత్తర్వు మీద ఆధారపడ్డ పిల్లలు, దత్తత పిల్లలు, ఇక్కడి కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నవాళ్లు. పాతికేళ్ల తర్వాత ఆ బిడ్డ ఉద్యోగానికో భద్రతా తనిఖీకో వెళ్తే, నాన్న సర్టిఫికెట్ ఎక్కడుందో, కోర్టు ఉత్తర్వు ఎక్కడుందో వెతకాల్సిన పని అప్పుడుండకూడదు. సర్టిఫికెట్ ఉంటే ఆ వివాదం ఒకేసారి ముగుస్తుంది.

ఇక్కడ ఒక ఊరట ఉంది. పద్దెనిమిది లోపు షరతులన్నీ నెరవేరి ఉంటే, ఆ వయసు దాటాక కూడా పాస్‌పోర్టుకో ఎన్-600కో వెళ్లవచ్చు. ఇరవై అయిదేళ్ల యువతి అమ్మానాన్నల పాత కాగితాలు వెతికి చూసుకుని, తాను పదకొండేళ్ల వయసు నుంచే పౌరురాలినని తెలుసుకోవచ్చు. అలాంటి వాళ్లు తమకు తాముగా పౌరసత్వ దరఖాస్తు పెట్టుకుంటే అది తప్పు దారి, ఉన్న పౌరసత్వాన్నే మళ్లీ అడిగినట్టు. 2001 ఫిబ్రవరి 27 నాటికే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు మాత్రం పాత చట్టం వర్తిస్తుంది. అది ఇంకా కఠినం.

బిడ్డ ఇక్కడే ఉంటే

ఇది మన జిల్లాలకు బాగా దగ్గరి సమస్య. ఇందులో మూడు దారులున్నాయి, వాటి మధ్య తేడా తల్లిదండ్రులు ఏ దేశంలో ఉన్నారన్న దాన్నిబట్టి వస్తుంది.

తల్లి లేదా తండ్రి పౌరసత్వం తీసుకుని ఇండియాకు తిరిగొచ్చి బిడ్డతోనే ఉంటున్నారనుకోండి. వాళ్ల కోసమే ఎన్-600కె అనే దరఖాస్తు ఉంది, అది అమెరికా బయట ఉండే పిల్లలకు. బిడ్డకు గ్రీన్ కార్డు అక్కర్లేదు, అమెరికాలో కాపురం పెట్టక్కర్లేదు. పౌరులైన తల్లి లేదా తండ్రి జీవితంలో మొత్తం అయిదేళ్లు, అందులో రెండేళ్లు పద్నాలుగు దాటాక అమెరికాలో ఉండి ఉండాలి. విద్యార్థి వీసా, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న కాలం కూడా కలుస్తుంది. వాళ్లకు తక్కువైతే, పౌరులైన తాతో అవ్వో ఉన్న కాలాన్ని లెక్కలోకి తీసుకునే వీలుంది. రుసుము ఎన్-600తో సమానమే. దరఖాస్తు ఆమోదానికి బిడ్డ పర్యాటక వీసాతో అమెరికా వెళ్లి, అక్కడి కార్యాలయంలో హాజరై, పద్నాలుగు దాటితే ప్రమాణం చేయాలి. ఇదంతా పద్దెనిమిదో పుట్టినరోజుకు ముందే పూర్తి కావాలి. దరఖాస్తు పెట్టిన తేదీ కాదు, ప్రమాణం అయిన తేదీ లెక్క. అందుకని పదహారు నిండకముందే కదిలితే మంచిది. ఇంటర్ రెండో ఏడాదిలో మొదలుపెడితే పబ్లిక్ పరీక్షలు, వీసా అపాయింట్‌మెంట్, కార్యాలయం పిలిచే తేదీ ఒకదానిమీద ఒకటి పడతాయి.

కానీ తల్లిదండ్రులిద్దరూ న్యూజెర్సీలో ఉండి, బిడ్డ అనంతపురంలో జేజి దగ్గర ఉంటే? ఎన్-600కె అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. జాగ్రత్తగా ఆలోచించండి. బిడ్డ దరఖాస్తు పెట్టే తల్లి లేదా తండ్రి సంరక్షణలో, వాళ్లతో కలిసి ఇక్కడ నివసించాలని ఎన్-600కె నిబంధన అడుగుతుంది. అవ్వ పెంచుతున్న బిడ్డకు అది కుదరడం కష్టం. ఈ కుటుంబానికి సరైన దారి ఐ-130 పిటిషన్, అంటే కుటుంబసభ్యుడికి గ్రీన్ కార్డు ఇప్పించమని పెట్టే అర్జీ. పౌరుడైన నాన్న ఇరవై ఒకటి లోపు, పెళ్లికాని బిడ్డకు పెడితే వీసా నంబరు కోసం వరుసలో నిలబడాల్సిన పని లేదు. రుసుము 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. మొత్తం పని ఏడాది దాటొచ్చు. ఆ వీసా మీద పద్దెనిమిది లోపు దిగి తల్లిదండ్రుల దగ్గరే ఉంటే, పైన చెప్పిన, దానంతట అదే వచ్చే దారే పనిచేసి బిడ్డ ఆ రోజే పౌరుడవుతాడు.

ఐ-130లో ఒక ఉచ్చు ఉంది. నాన్న గ్రీన్ కార్డు దశలో ఉన్నప్పుడు భార్యకు పిటిషన్ పెట్టి, పిల్లల్ని అందులోనే చేర్చి ఉంటాడు. పౌరుడైన మరుక్షణం భార్య వేరే వర్గంలోకి మారుతుంది. ఆ వర్గంలో పిల్లలు తల్లి వెంట రాలేరు, ప్రతి బిడ్డకూ విడిగా పిటిషన్ కావాలి. నాన్న పౌరసత్వం వచ్చిన సంతోషంలో ఈ పని మరిచిపోతే, కాన్సులేట్ ఇంటర్వ్యూ దగ్గర తల్లికి వీసా వచ్చి పిల్లలు ఆగిపోతారు. ప్రమాణానికి ముందే ఆ పిటిషన్లు వేసి ఉంచుకోండి.

మూడో దారి బిడ్డను భారత పౌరుడిగానే ఉంచడం. దీన్ని నేను ఓడిపోయిన దారిగా చూడను. తల్లిదండ్రులు అమెరికా పౌరసత్వం తీసుకుంటే మన 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ కింద వాళ్ల భారత పౌరసత్వం పోతుంది. ఇక్కడే ఉండి, వేరే దేశ పౌరసత్వం పొందని బిడ్డది పోదు. పదో తరగతిలో ఉన్న అమ్మాయికి మెడిసిన్ మీద గట్టి పట్టుదల ఉంటే, ఇంకో మూడేళ్లు ఇక్కడి పౌరురాలిగా ఉండటమే ఆమెకు మేలు కావచ్చు. ఎందుకో కింద చెప్తాను.

పద్దెనిమిదా, ఇరవై ఒకటా?

ఈ రెండు సంఖ్యల్ని కలిపేయడం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. బిడ్డ వయసును నాన్న ప్రమాణం చేసిన రోజున ఆపేసే చట్టం ఒకటి అమెరికాలో ఉంది. నాన్న గ్రీన్ కార్డుతో పెట్టిన పిటిషన్ నడుస్తుండగా ప్రమాణం జరిగితే, ఆ రోజుకు బిడ్డకు ఇరవై ఒకటి నిండకపోతే చాలు, తర్వాత నిండినా అదే సులభ వర్గంలో గ్రీన్ కార్డు వస్తుంది. ఇది నిజం. కానీ ఆ రక్షణ గ్రీన్ కార్డుకే. పౌరసత్వానికి పద్దెనిమిదే హద్దు, దాన్ని ఏ చట్టమూ ఆపదు. పందొమ్మిదేళ్ల అబ్బాయి గ్రీన్ కార్డుతో వెళ్తే సంతోషమే, కానీ అయిదేళ్లు అక్కడ ఉండి, తానే 760 డాలర్లు (ఆన్‌లైన్‌లో 710) కట్టి, ఇంగ్లీషు, పౌరశాస్త్రం పరీక్షలు రాసి పౌరుడు కావాలి. నాన్న వల్ల వచ్చేది గ్రీన్ కార్డు వరకే.

ఇరవై ఒకటి దాటిన పెళ్లికాని పిల్లలది ఇంకా పొడవైన వరుస, ఏళ్లకేళ్లు పడుతుంది. పెళ్లయితే మరో వర్గంలోకి జారి వరుస ఇంకా పెరుగుతుంది. తండ్రి ఇంకా గ్రీన్ కార్డు దశలోనే ఉండగా కూతురి పెళ్లి జరిగితే పిటిషనే చచ్చిపోతుంది. సంబంధం మంచిదని తొందరపడే ముందు ఈ ఒక్క విషయం లాయరును అడిగి ముహూర్తం పెట్టుకోండి. నిశ్చితార్థం అడ్డు కాదు, పెళ్లి తేదీయే అడ్డు.

ఇక్కడ పోయేవి

భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. బిడ్డ అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక భారత పాస్‌పోర్టును అప్పగించాలి, ఆ తర్వాతే ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. అమెరికాలో దరఖాస్తు చేస్తే ఓసీఐకి 275 డాలర్లు, ఇండియాలో 15,000 రూపాయలు. పాత భారత పాస్‌పోర్టు మీద ఎండాకాలం సెలవులకు కడపకు వచ్చి వెళ్లడం నేరం కిందికి వస్తుంది. అమెరికా పౌరులైన పిల్లలు ఆ దేశంలోకి అమెరికా పాస్‌పోర్టుతోనే వెళ్లాలి, కాబట్టి రెండు వైపులా ఇబ్బందే.

చదువు దగ్గర దెబ్బ పెద్దది. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ లాంటివి రాయవచ్చు కానీ ఎన్నారై సీట్లకో, అదనపు సీట్లకో మాత్రమే అర్హులు. భారత పౌరులకు మాత్రమే కేటాయించిన సీట్లు వాళ్లకు రావు. 2021 మార్చి 4 కంటే ముందే ఓసీఐ తీసుకున్నవాళ్లకు ఈ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో చెప్పింది. ఇప్పుడు కొత్తగా తీసుకునే పిల్లలకు ఆ ఊరట లేదు. కర్నూలు మెడికల్ కాలేజీలో మామూలు సీటు కోసం ఏళ్లుగా కష్టపడుతున్న బిడ్డకు ఈ ఒక్క మార్పుతో అదే సీటు దూరమవుతుంది. కోట్ల ఎన్నారై ఫీజు కట్టగలరా, లేక బిడ్డ అమెరికాలోనే డిగ్రీ చదవడానికి సిద్ధమా? పౌరసత్వం గురించి మాట్లాడే ముందు ఆ బిడ్డనే అడగండి. వాళ్ల జీవితం అది.

భూమి సంగతి సీమలో అందరికీ తగిలేదే. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనలేరు. ఇళ్లు, ఫ్లాట్లు కొనవచ్చు. ముందే వాళ్ల పేరున ఉన్న పొలం పోదు. తాతగారు తన చీనీ తోటను అమెరికా మనవడికి ఇవ్వాలనుకుంటే దాన సెటిల్‌మెంట్ రాయిస్తే చెల్లదు, వీలునామా ద్వారానో వారసత్వంగానో వస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట రాసేవాళ్లందరికీ ఈ తేడా తెలుసని అనుకోవద్దు. పొలం పేరు మార్చే ముందు ఆ పేరున్న బిడ్డ పౌరసత్వం ఏమిటో తేల్చుకోండి.

అవ్వాతాతలు మనవళ్ల పేరున వేసే ఫిక్సెడ్ డిపాజిట్ల మాటా చెప్పాలి. అమెరికా పౌరులైన పిల్లల పేరున విదేశీ ఖాతాల్లో ఉన్న మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే, అమెరికా ఆర్థిక శాఖకు ఏటా నివేదిక ఇవ్వాలి. ఆ బిడ్డ ఎక్కడున్నా ఈ బాధ్యత ఉంటుంది. ఎన్-600కె దారిలో పౌరుడై హిందూపురంలోనే పెరుగుతున్న బిడ్డకు కూడా. మగపిల్లలైతే పద్దెనిమిది నిండిన ముప్పై రోజుల్లో అక్కడి సైనిక నమోదు చేయించాలి.

ఓసీఐలో ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. గ్రూప్-1 రాయాలని కలలు కనే బిడ్డ ఇంట్లో ఉంటే ఆ సంగతి ముందే తెలియాలి. పెద్దయ్యాక మళ్లీ భారత పౌరసత్వం తెచ్చుకోవచ్చు కదా అంటారు. ఓసీఐగా అయిదేళ్లు నమోదై, ఏడాది ఇక్కడ ఉండి అడగవచ్చు, అప్పుడు అమెరికాది వదులుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాదిలోపు ఒక ప్రకటనతో తిరిగి పొందే 8(2) సెక్షన్ మన పౌరసత్వ చట్టంలో ఉంది. కానీ తల్లిదండ్రులు విదేశీ పౌరసత్వం తీసుకోవడం వల్ల 9వ సెక్షన్ కింద పౌరసత్వం పోయిన ఇళ్ల పిల్లలకు అది వర్తించదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తలుపు తెరిచే ఉంటుందన్న ధైర్యంతో నిర్ణయం తీసుకోకండి.

ఇక ఎవరికి ఏది? ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలున్న, అమెరికాలోనే స్థిరపడదలచిన కుటుంబానికి ఆలోచించడానికి ఏమీ లేదు. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, దానంతట అదే వస్తుంది. పన్నెండు నుంచి పదిహేను మధ్య పిల్లలున్న ఇళ్లు క్యాలెండర్ పెట్టుకుని కూర్చోవాలి. తల్లిదండ్రుల్లో ఎవరు ముందు, బిడ్డకు పిటిషన్ ఎప్పుడు అన్నది నెల నెలా లెక్క చూసుకోవాలి. పదహారు, పదిహేడేళ్ల బిడ్డ ఇక్కడ ఇంటర్ చదువుతూ ఇక్కడే కాలేజీలో చేరాలని గట్టిగా అనుకుంటుంటే, పద్దెనిమిది దాటిపోతుందన్న భయంతో హడావిడిగా తీసుకెళ్లి చదువు చెడగొట్టొద్దనే నా సలహా. ఇరవై ఒకటి లోపు గ్రీన్ కార్డు దారి ఆ బిడ్డకు ఇంకా తెరిచే ఉంటుంది. డిగ్రీ అమెరికాలోనే అనుకుంటే మాత్రం ఆ ఏడాది ఆలస్యం చేయడం తగదు.

వేరే దేశాల్లో ఉన్నవారి కోసం రెండు మాటలు. కెనడాలో తల్లి లేదా తండ్రి పౌరులైతే, శాశ్వత నివాసమున్న మైనర్ బిడ్డకు విడిగా దరఖాస్తు పెట్టాలి, పెద్దలకుండే రోజుల లెక్క పిల్లలకు ఉండదు, రుసుము 100 కెనడా డాలర్లు. ఆస్ట్రేలియాలో పదిహేనేళ్ల వరకు పిల్లల్ని తల్లి లేదా తండ్రి దరఖాస్తులోనే చేర్చవచ్చు, పదహారు దాటితే విడిగా పెట్టుకోవాలి. బ్రిటన్‌లో మైనర్ నమోదు అధికారుల విచక్షణ మీద ఉంటుంది, రుసుమూ ఎక్కువే. కడప, రాయచోటి నుంచి కువైట్ వెళ్లినవారికి ఈ చర్చే లేదు, అక్కడ పనిచేసినంత మాత్రాన పౌరసత్వం రాదు. అక్కడ పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించడమే వాళ్లు మరవకూడని పని.

కాగితాలు ఇప్పుడే

ఏ దారి ఎంచుకున్నా మొదట అడిగేది బిడ్డ జనన ధ్రువపత్రం. సచివాలయంలోనో మున్సిపల్ కార్యాలయంలోనో తీసుకున్నది తెచ్చి, తల్లిదండ్రుల పాస్‌పోర్టుల పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఆసుపత్రి వాళ్లు పంపిన రోజుల్లో చాలా పత్రాల్లో బిడ్డ పేరు ఖాళీగా ఉంది, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, తండ్రి పేరు ముందు ఒక్క అక్షరమే ఉంది. ఖాళీగా ఉన్న పేరును జననాల నమోదు చట్టం ప్రకారం పదిహేనేళ్లలోపు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత కష్టం. జననమే నమోదు కాకపోతే రెవెన్యూ అధికారి ఉత్తర్వు తెచ్చుకుని ఆలస్యపు నమోదు చేయించాలి, దానికి నెలలు పడతాయి. బిడ్డ నమోదులో లేని ఇళ్లవాళ్లు నమోదు లేదన్న ధ్రువపత్రంతో పాటు పాఠశాల రికార్డు, పుట్టిన సంగతి తెలిసిన పెద్దల ప్రమాణ పత్రాలు కూడా సిద్ధం చేసుకోవాలి. ఆ పెద్దలు బతికి ఉండగానే ఆ సంతకాలు తీసుకోండి.